తిండి తింటోంది కదా అని ధీమాగా ఉండకండి: ముసలి కుక్కల్లో లోపల ముదిరే జబ్బులు, అవి పోయాక మన సంగతి

మీరు అడిగింది ఇదీ: పదకొండేళ్ళ ల్యాబ్రడార్. ముందు రోజు రాత్రి గిన్నె నాకి మరీ పడుకున్నాడు. తెల్లారేసరికి లేవలేకపోయాడు, చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ప్లీహం (పొట్టలో ఉండే స్ప్లీన్ అనే అవయవం) మీద గడ్డ పగిలి పొట్టలో రక్తం నిండిందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్‌కి సిద్ధం చేస్తుండగానే పోయాడు. అంతకు నెల ముందు ఒక పూటంతా మూల పడుకుని, మర్నాటికి మామూలైపోయాడు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బతికేవాడా? కళ్ళ ముందు పెట్టుకుని పెంచిన నాకు ఎందుకు తెలియలేదు? ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్ళ రెండోవాడికీ లోపల ఏదైనా ఉంటే ఎలా పట్టుకోవాలి?

ముందు మొదటిదానికి చెబుతాను. ఆ రోజు తీసుకెళ్తే గడ్డ బయటపడేదేమో. కానీ వాడు బతికి బట్టకట్టేవాడని మాత్రం చెప్పలేను. పెద్ద జాతి కుక్కకి, ఆ వయసులో, ప్లీహం గడ్డ పగిలి రక్తం కారిందంటే ఎక్కువ సందర్భాల్లో అది హెమాంజియోసార్కోమా అనే క్యాన్సర్. రక్తనాళాల లోపలి పొర నుంచి పుడుతుంది. ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువగా చూస్తాం. గడ్డ కనబడేనాటికే అది కంటికి కనిపించనంతగా కాలేయానికో ఊపిరితిత్తులకో పాకి ఉండడం మామూలు. ప్లీహం తీసేసినా ఆ తర్వాత బతికేది సగటున ఒకటి నుంచి మూడు నెలలు, కీమోథెరపీ కూడా చేయిస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. గడ్డ ముక్కని ల్యాబ్‌లో చూసే బయాప్సీ పరీక్ష జరగలేదు కాబట్టి మీవాడిది అదేనని నూటికి నూరుపాళ్ళు అనలేను. ప్లీహం మీద మామూలు రక్తపు గడ్డలు కూడా వస్తాయి, వాటికి ఆపరేషన్ చేస్తే నయమైపోతుంది. మీరు రాసిన వివరాలు మాత్రం క్యాన్సర్ వైపే చూపిస్తున్నాయి.

ఆ ఒక్క పూట నీరసం సంగతి మిమ్మల్ని ఎక్కువ తొలుస్తోందని అర్థమైంది. అప్పుడు జరిగింది బహుశా చిన్న రక్తస్రావం. గడ్డ కొద్దిగా చిట్లి రక్తం కారి, అక్కడే గడ్డకట్టి ఆగిపోతుంది. పొట్టలోకి చేరిన రక్తాన్ని లోపలి పొర నెమ్మదిగా పీల్చుకుని మళ్ళీ ఒంట్లోకి పంపేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో కుక్క తోక ఊపుతూ ఎదురొస్తుంది. ఎండకి డస్సిపోయాడేమో, నిన్న ఎక్కువ పరిగెత్తాడేమో అని ఎవరైనా అనుకుంటారు. ఆ మర్నాడు నా దగ్గరికే తీసుకొచ్చినా, కుక్క హుషారుగా ఉండి, చిగుళ్ళు గులాబీ రంగులో ఉండి, మామూలు రక్తపరీక్షలో పెద్దగా తేడా లేకపోతే అది కడుపు స్కాన్ దాకా వెళ్ళి ఉండకపోవచ్చు. గమనించకపోవడం వేరు, గమనించడానికి అక్కడ ఏమీ లేకపోవడం వేరు. మీది రెండోది.

ఇక మిగతావాళ్ళకీ పనికొచ్చే మాట. నా దగ్గరికి ముసలి కుక్కలతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చెప్పే మొదటి వాక్యం "తిండి మాత్రం బాగానే తింటోందండీ". ఆరోగ్యానికి మనం పెట్టుకున్న కొలబద్ద అదొక్కటే. కుక్కల విషయంలో చాలా జబ్బుల్లో ఆకలి ఆఖరున పోతుంది. ఒళ్ళు బాగాలేదని బయటికి చూపించకపోవడం వాటి పుట్టుకలోనే ఉంది. నొప్పి ఉంటే అరుస్తుంది కదా అంటారు. కాలు తలుపులో పడితే అరుస్తుంది. నెలల తరబడి ఉండే నొప్పికి అరవదు, అలవాట్లు మార్చుకుంటుంది.

ఒక ఆడ జర్మన్ షెపర్డ్‌ని గోళ్ళు కత్తిరించడానికి తీసుకొచ్చారు. తిండికేమీ లోటు లేదన్నారు. నోరు తెరిచి చూస్తే పై దవడలో పెద్ద దంతం నిలువునా చీలి ఉంది, వేరు దగ్గర చీము. తింటున్న తీరు వీడియో తీసి పంపమన్నాను. డ్రై ఫుడ్‌ని నమలకుండా మింగేస్తోంది, ఎడమ వైపే తింటోంది, మధ్యమధ్య ఒక గింజ జారవిడిచి తల పక్కకి వంచి మళ్ళీ తీసుకుంటోంది. గిన్నె మాత్రం రోజూ ఖాళీ. దంతం తీసేశాక వారం తిరిగేసరికి బొమ్మలు నోట కరుచుకుని తిరగడం మొదలెట్టింది. అది బొమ్మల జోలికి వెళ్ళడం ఎప్పుడో మానేసిందని ఇంట్లోవాళ్ళకి అప్పుడు గుర్తొచ్చింది. పెద్దదైంది, ఆటలు తగ్గాయి అనుకున్నారంతే.

కాబట్టి చూడాల్సింది తిండి గిన్నె కంటే ఎక్కువగా మిగతావి. నేను ముందుగా అడిగేది నీళ్ళ సంగతి. కుక్క ఎన్ని నీళ్ళు తాగుతుందో చాలామందికి తెలియదు, గిన్నె ఖాళీ అయితే నింపేస్తారు. కొలవడం తేలిక. పొద్దున కొలిచి పోయండి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలిచి తీసేయండి. రెండు కుక్కలుంటే ఆ ఒక్కరోజు విడిగా ఉంచాలి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే తేడా ఉన్నట్టే. అంటే 30 కిలోల కుక్క మూడు లీటర్లు దాటకూడదు. అంతకంటే తక్కువే అయినా, పోయిన నెలకీ ఈ నెలకీ స్పష్టంగా పెరిగితే అదీ తేడాయే. కిడ్నీలు, షుగర్, కాలేయం, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, ఇవన్నీ ముందుగా నీళ్ళ గిన్నె దగ్గరే బయటపడతాయి. కుక్క రాత్రిపూట బయటికి వెళ్ళాలని లేపడం, ఇన్నేళ్ళూ శుభ్రంగా ఉన్నది ఇంట్లో తడపడం కూడా ఈ లెక్కలోవే. దయచేసి వాసన వస్తోందని నీళ్ళు తగ్గించకండి, కిడ్నీ జబ్బు ఉన్నదానికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

కుషింగ్స్ గురించి ఒక మాట. ఇందులో ఆకలి పెరుగుతుంది. పొట్ట కిందికి జారి గుండ్రంగా అవుతుంది, ఒంటి మీద బొచ్చు పల్చబడుతుంది, చర్మం పల్చనై లోపలి నరాలు కనబడతాయి, ఊరికే రొప్పుతుంది. "ఈ వయసులో కూడా బాగా తిని ఒళ్ళు చేసింది" అని సంతోషంగా చెప్పిన ఇళ్ళున్నాయి. వెనక నుంచి చూస్తే తొడల్లో కండ ఉండదు, బరువంతా పొట్టే.

కిడ్నీల విషయంలో తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. మామూలుగా చేసే క్రియాటినిన్ అనే రక్తపరీక్షలో తేడా కనబడేసరికి కిడ్నీల పనిలో దాదాపు 75 శాతం పోయి ఉంటుంది. మూత్రం చిక్కదనం అంతకంటే ముందే తగ్గుతుంది. ఎస్‌డీఎంఏ అనే ఇంకో రక్తపరీక్షలో సుమారు 40 శాతం పోయినప్పుడే సూచన దొరుకుతుంది. అందుకే రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్ష చేయించమని పట్టుబడతాను.

తర్వాత లేచే తీరు. నడిచేటప్పుడు కాదు, పడుకున్నచోటు నుంచి లేచేటప్పుడు చూడండి. ముంగాళ్ళ మీద బలం వేసి ముందుభాగం ముందు లేపి, వెనకభాగాన్ని ఈడ్చుకుంటున్నట్టు లేస్తే తుంటిలోనో నడుములోనో నొప్పి ఉంది. మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి లెక్కేసుకోవడం, కారు ఎక్కేముందు మీ మొహంలోకి చూడడం, నున్నటి నేల దాటకుండా చుట్టూ తిరిగి చాప మీదుగా రావడం, వెనక కాళ్ళ నడిమి వేళ్ళ గోళ్ళు పైభాగాన అరిగిపోవడం, ఒకే కీలుని పదే పదే నాకడం. తొడల్ని రెండు చేతులతో పట్టుకుని కండ రెండువైపులా సమానంగా ఉందో లేదో చూడండి. వాడకం తగ్గిన కాలు సన్నబడుతుంది, బొచ్చు కింద కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. ఎత్తుకోబోతే గుర్రుమనే ముసలి కుక్కని కోపిష్టిది అనేముందు నడుము పరీక్ష చేయించండి.

నొప్పి ఉందో లేదో తేలకపోతే నేను రెండు వారాలు నొప్పి మందు ఇచ్చి చూస్తాను, కిడ్నీ, కాలేయం పరీక్షలు చూశాకే. ఆ రెండు వారాల్లో కుక్క మళ్ళీ సోఫా ఎక్కిందంటే ఇన్నాళ్ళూ ముసలితనం అనుకున్నది నొప్పే. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ఎప్పుడూ వేయకండి. ఇబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, పారాసెటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది.

గుండె సంగతి ఇంట్లోనే చూడొచ్చు. గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి. ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. 30 లోపు ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే, లేదా మామూలుగా 18 ఉండేది 28కి చేరినా, డాక్టర్‌కి చెప్పండి. 40 దాటితే ఆ పూటే తీసుకెళ్ళాలి. చిన్న జాతుల్లో గుండె కవాటం జబ్బు ఎక్కువ, రాత్రిళ్ళు దగ్గుతో మొదలవుతుంది. ముసలి ల్యాబ్రడార్లలో గొంతు బొంగురుపోయి, ఊపిరి గట్టిగా గరగరలాడితే స్వరపేటిక బలహీనపడుతోందేమో చూడాలి.

చిగుళ్ళు వారానికోసారి చూసే అలవాటు చేసుకోండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నల్ల చిగుళ్ళ కుక్కయితే కింది కనురెప్ప లోపల చూడండి. దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక గ్రంథులు వాచి గట్టిగా తగిలితే, నొప్పి లేకపోయినా, ముఖ్యంగా నొప్పి లేకపోతే, వెంటనే చూపించండి. లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్ అలాగే బయటపడుతుంది. నెలకోసారి బరువు తూచండి. 30 కిలోల కుక్క మూడు కిలోలు తగ్గడమంటే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు.

మీవాళ్ళిద్దరూ మగవాళ్ళు, అయినా ఇది చదివేవాళ్ళ కోసం చెప్పాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, హీట్ (ఎద) అయిపోయిన ఒకటి రెండు నెలల్లో ఎక్కువ నీళ్ళు తాగుతూ డీలాగా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అదే రోజు స్కాన్ చేయించాలి. చీము బయటికి కారకుండా లోపలే నిండే రకం ఇంకా ప్రమాదం.

రాత్రిళ్ళు ఇల్లంతా తిరగడం, గోడ వైపు చూస్తూ నిలబడిపోవడం, తలుపు తెరుచుకోని వైపు వెళ్ళి ఆగడం, ఇవి మెదడు వయసు మళ్ళిన లక్షణాలు కావచ్చు. పదకొండు పన్నెండేళ్ళ కుక్కల్లో నాలుగో వంతుకి పైగా ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టేముందు నొప్పి, రక్తపోటు, చూపు, కిడ్నీ చూడాలి. అవి కూడా కుక్కని రాత్రంతా తిప్పుతాయి.

పెద్ద జాతులకి ఏడేళ్ళు, చిన్నవాటికి తొమ్మిది పదేళ్ళు దాటాక ఆరు నెలలకోసారి పరీక్ష చేయించమంటాను. ఒంటి పరీక్ష, రక్తం, మూత్రం, రక్తపోటు. పెద్ద జాతులకి కడుపు స్కాన్ కూడా. అయితే స్కాన్ శుభ్రంగా వచ్చిందంటే ఆ రోజుకి శుభ్రంగా ఉందనే అర్థం. మీవాడికి వచ్చినటువంటి గడ్డ మూడు నెలల్లో పుట్టి పెరగగలదు. ఏ పరీక్షా దాన్ని పూర్తిగా అడ్డుకోలేదు. నమ్మించి పంపే డాక్టర్ కంటే ఈ మాట చెప్పే డాక్టర్ మంచిది.

ఇప్పుడు మీ గురించి. మీరు ఆ ఉదయాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుంటున్నారు. తప్పెక్కడో దొరికితే మనసుకి ఏదో ఆధారం దొరికినట్టుంటుంది, అందుకే వెతుకుతాం. ఉన్నట్టుండి పోయినవాళ్ళ ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వీడ్కోలు చెప్పే వ్యవధే ఉండదు. నెలల తరబడి సేవ చేసి, ఆఖరికి యుథనేషియాకి (బాధ లేకుండా ఇంజెక్షన్‌తో ప్రాణం విడిపించడానికి) ఒప్పుకున్నవాళ్ళు ఇంకో రకంగా నలుగుతారు. తొందరపడ్డామా, ఆలస్యం చేశామా అని. రెండూ ఒకే మనిషి అడగడం కూడా విన్నాను, ఒకే పూటలో. ప్రేమగా పెంచినవాళ్ళెవరూ ఈ ప్రశ్న లేకుండా బయటపడరు. ఆ ప్రశ్న వచ్చిందని తప్పు చేసినట్టు కాదు.

ఆ నిర్ణయం ముందు ముందు మీ రెండోవాడికి అవసరం పడవచ్చు కాబట్టి చెబుతున్నాను. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఏడు అంశాల కొలమానం ఒకటి ఇచ్చారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా లేదా. ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 35 దాటితే ఇంకా బతుకు బాగానే సాగుతున్నట్టు. నేను దీంతో పాటు క్యాలెండర్ మీద రోజూ మంచి, చెడు అని గుర్తు పెట్టమంటాను. ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు విడివిడిగా పెట్టాలి. నిన్నటి కంటే ఈరోజు నయం అనుకుంటూ నెల గడిచిపోతుంది, గుర్తులు చూస్తే తెలుస్తుంది.

యుథనేషియా రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. ముందు మత్తు ఇస్తాం, కుక్క మామూలుగా నిద్రపోతుంది. తర్వాత నరంలోకి పెంటోబార్బిటాల్ అనే మందు ఎక్కిస్తాం. మొదట స్పృహ పోతుంది, ఆపైన ఊపిరి, గుండె ఆగుతాయి. ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, కండరాలు ఒకటి రెండుసార్లు అదరవచ్చు, ఊపిరి తీసుకున్నట్టు అనిపించవచ్చు, మూత్రం పోవచ్చు. అది బాధ కాదు, అప్పటికి దానికి ఏమీ తెలియదు. ఈ మాట ముందు చెప్పకపోతే ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ అదురునే తలుచుకుంటారు.

ఎవరో "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి" అన్నారని రాశారు. అలాంటివాళ్ళకి సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి, ఈ సమయంలో అంత ఓపిక మీకు ఉండదు. దాని పేరు తెలిసినవాళ్ళతో, దానికి భయపడి గోడెక్కిన రోజులు గుర్తున్నవాళ్ళతో మాట్లాడండి. పడక, గొలుసు ఇప్పుడే తీసేయాలని లేదు, ఉంచాలనీ లేదు. చేయి ఆడినప్పుడు తీయండి. పిల్లలుంటే "నిద్రపోయింది" అని చెప్పకండి, చనిపోయిందనే చెప్పండి. నిద్రపోయిందని విన్న చిన్నపిల్లలు పడుకోవడానికే భయపడిన ఇళ్ళు చూశాను. వారాలు గడుస్తున్నా నిద్ర పట్టక, పని సాగక ఉంటే మనసు డాక్టర్‌ని కలవండి. కారణం కుక్క అని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇక రెండోవాడు. తలుపు దగ్గరే పడుకుంటున్నాడు, సగం తిండి వదిలేస్తున్నాడు అన్నారు. తోడు పోయాక కుక్కలు మారతాయి. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇటలీలో ఇంట్లో కుక్కలుండి ఒకటి పోయిన 426 మంది యజమానుల్ని అడిగితే, మిగిలిన కుక్క ప్రవర్తన మారిందని 86 శాతం మంది చెప్పారు. ఎక్కువగా మనిషిని అంటిపెట్టుకుని ఉండడం, ఆట తగ్గడం, తిండి తగ్గడం. యజమాని ఎంత కుంగితే కుక్కలో మార్పు అంత ఎక్కువ కనబడింది. కాబట్టి వాడి నడక, తిండి వేళలు మాత్రం మార్చకండి. మీకు లేవాలనిపించని రోజున కూడా వాడిని నడకకి తీసుకెళ్ళండి. వాడి తోడు కోసమని ఇప్పుడే కుక్కపిల్లని తేకండి, తొమ్మిదేళ్ళ ఒంటికి అది భారం.

అలాగని అంతా దిగులే అని వదిలేయకూడదు. దిగులుతో ఉన్న కుక్క తిండి తగ్గిస్తుంది, పూర్తిగా మానదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, వాంతులైనా, నీళ్ళు పెరిగినా, చిగుళ్ళ రంగు మారినా అది దిగులు ఖాతాలో వేయకండి. ఏమీ లేకపోయినా ఈ వారంలోనే ఒకసారి చూపించండి, వయసు చాలు కారణానికి. ఆ ఉదయం మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి తీసుకెళ్ళండి. ముందు రాత్రి నుంచి పన్నెండు గంటల పాటు తిండి లేకుండా ఉంచితే రక్తపరీక్ష ఫలితాలు సరిగ్గా వస్తాయి, నీళ్ళు మాత్రం ఆపకండి. కడుపు స్కాన్ అడగండి. వాడు పడుకుని లేచి నాలుగడుగులు వేసే వీడియో ఒకటి వెనక నుంచి తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో కంగారుకి కుక్కలు కుంటడం మానేస్తాయి, ఇంట్లో తీసిన వీడియోలో డాక్టర్‌కి దొరికిపోతాయి.